దాల్నీ గని దారిలో నెల్యా పిన్ని

మా ఉత్యోస్నీ ఊళ్ళో ఎవరినైనా ఆపి నీనెల్ పావ్లోవ్నా ఇల్లెక్కడని అడిగితే తల గోక్కుంటారు. నెల్యా పిన్ని అనండి, ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపుతారు. దారి పొడుగునా ఆమె గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. చెప్పేవన్నీ నిజం కావు. హారన్ కొట్టి ఎలుగుబంటిని తరిమిందన్నది నిజమే. ఆ ఎలుగుబంటి మరుసటి ఏడు దారికడ్డంగా నిలబడి ఇంకోసారి హారన్ కొట్టమందన్నది మాత్రం మా వాళ్ళు తాగి అల్లిన కథ.

నా పేరు ఇగ్నాత్. ఈ ఊరి కరెంటు స్టేషన్లో ఇరవై ఆరేళ్ళుగా ఫిట్టర్ని. నేను వచ్చేసరికే దాల్నీ గని మూతబడింది. అందుకని ఆమె గొప్పగా బతికిన రోజులు నేను చూడలేదు. అవి ఆమె నోటా, ఆమెతో పనిచేసినవాళ్ళ నోటా విన్నాను. ఆరేళ్ళ కిందటి ఏప్రిల్లో జరిగింది మాత్రం కళ్ళారా చూశాను, ఆమె పక్కనే కూర్చుని.

ఆమె తల్లి తినెనా చుక్చీ మనిషి. జింకల మందల వెంట గుడారాలు మోసుకు తిరిగే కుటుంబం. తండ్రి పావ్లో ఉక్రెయిన్ నుంచి ట్రాక్టరు నడపడానికి వచ్చి, మూడేళ్ళుండి పోదామనుకుని, ఇక్కడే మట్టిలో కలిశాడు. కూతురు నర్సు కావాలని ఆయన కోరిక. కూతురేమో ఇరవై ఒకటో ఏట లారీ లైసెన్సు జేబులో పెట్టుకుని గని గ్యారేజీకి వెళ్ళింది. గ్యారేజీ పెద్ద ఆమెను కింది నుంచి పైకి చూశాడు. అందుకు ఎక్కువసేపు పట్టలేదు, మనిషి పొట్టి.

"అమ్మాయీ, నీ కాలు క్లచ్చికి అందుతుందా?" అన్నాడు.

"అందకపోతే చెక్క బిగించుకుంటాను. నా మాట మీ చెవికి అందితే చాలు," అంది.

నిజంగానే క్లచ్చికీ బ్రేకుకీ రెండు చెక్కముక్కలు బిగించుకుంది. పందొమ్మిదేళ్ళు ఆ దారిలో లారీ నడిపింది.

ఆ దారి మా ఊరి రేవు దగ్గర మొదలవుతుంది. తిమ్‌కా నది వెంట లోపలికి వెళ్ళి, కొండెక్కి, ఆవల లోయలోని దాల్నీ తగరపు గని దాకా నూట తొంభై కిలోమీటర్లు. పైకి బొగ్గు, పిండి బస్తాలు, డీజిల్ పీపాలు. కిందికి ఖనిజం బస్తాలు. మధ్యలో కొండకు తొమ్మిది మెలికలున్నాయి. ఒక పక్క రాయి, రెండో పక్క ఏమీ లేదు. డ్రైవర్లు దానికి అత్తగారి నాలుక అని పేరు పెట్టారు. ఆ దారిలో నడిపిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

నాలుగో ఏడు చలికాలంలో ఆ మెలికల మీద సెమ్యోన్ అనే డ్రైవరు లారీకి బ్రేకుల గాలి గొట్టం గడ్డకట్టుకుపోయింది. నిండు బరువుతో బండి దిగజారడం మొదలుపెట్టింది. ముందు వెళ్తున్న నెల్యా అద్దంలో చూసి, తన బండి వేగం తగ్గించి, అతని బంపర్ని తన బండి వీపుకి ఆనించుకుంది. రెండు లారీలనూ తన బ్రేకుల మీదే కిందికి దింపింది. "ఆరు కిలోమీటర్లు నా వీపుకి అతుక్కుని వచ్చాడు. కిందికి దిగాక కూడా వదల్లేదు," అనేది తర్వాత. ఆ వేసవిలో పెళ్ళి చేసుకున్నారు. సెమ్యోన్ తర్వాత లారీ మానేసి గని కరెంటు స్టేషన్లో చేరాడు. ఎక్కడెక్కడి లోడ్లు వేసుకొచ్చినా ఆమెకు ఇల్లు దాల్నీలోనే ఉండేది.

దేశం విడిపోయింది, తగరం అడిగేవాడు లేకపోయాడు, గని మూసేశారు. మూడువేల మంది ఉన్న ఊరు ఒక్క వసంతంలో ఖాళీ అయింది. జనాన్ని దించిన ఆఖరి లారీ ఆమెదే. ఆ తర్వాత ఉత్యోస్నీలో బాయిలర్లకి బొగ్గు తోలింది, పెన్షన్ తీసుకుంది, సెమ్యోన్ని శ్మశానానికి సాగనంపింది. నాకు బాగా పరిచయమయ్యేనాటికి ఆమె అఖాతం మీద మంచుకు బెజ్జం చేసి, పెట్టె మీద కూర్చుని కొర్యూష్క చేపలు పట్టే ముసలమ్మ. దోసకాయ వాసనొచ్చే ఆ సన్నచేపల్ని బకెట్టు నిండా తెచ్చి, దారిలో కనబడ్డవాళ్ళందరికీ పంచి ఖాళీ బకెట్టుతో ఇంటికి పోయేది.

ఇక ఆ ఏప్రిల్ సంగతి.

మా స్టేషన్లో మూడు డీజిల్ ఇంజన్లున్నాయి. ఒకదాన్ని విడిభాగాల కోసం మేమే ఎప్పుడో పీక్కు తిన్నాం. రెండోది ఆ నెల మొదట్లో వేడెక్కి, సిలిండర్ల మీద మూతల్లా బిగించే హెడ్లు రెండు పగిలాయి. మిగిలింది ఒక్కటే. దాని దగ్గు వింటుంటే నాకు అన్నం సయించేది కాదు. ఇళ్ళకు రోజుకి నాలుగు గంటలే కరెంటిచ్చి, మిగతాదంతా ఆసుపత్రికీ బడికీ వేడినీళ్ళ పంపులకీ తిప్పాం. అది కూడా ఆగిపోతే అయిదారు గంటల్లో గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి ఊరంతా పగులుతుంది. ఏడువందల నలభై మంది. ఆ ఇంజన్ చేసిన ఫ్యాక్టరీ లేదు. ఎక్కడో గోదాములో హెడ్లు దొరికాయన్నారు గానీ, ఓడ వచ్చేది జూలైలో.

స్టేషన్ అధికారి ఆర్కాది ల్వోవిచ్ మమ్మల్ని టీ గదిలో కూర్చోబెట్టాడు. దాల్నీలో కూడా ఇవే ఇంజన్లు ఉండేవని నేను మాటెత్తాను. గ్యారేజీ పెద్ద రోదియోన్, ముప్ఫై నాలుగేళ్ళవాడు, మాంచి డ్రైవరు, కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు.

"అన్నా, అక్కడేం మిగిలుంటుంది? రాగి తీగ కోసం గోడలు కూడా ఒలిచేశారు. గదుల్లో కప్పు దాకా మంచే."

సరిగ్గా అప్పుడు నెల్యా పిన్ని చేపల బకెట్టుతో లోపలికొచ్చింది. ఆమె వచ్చింది మాకు చేపలిద్దామనే.

"హెడ్లున్నాయి. నాలుగు పెట్టెలు," అంది బకెట్టు కింద పెడుతూ. "ఆఖరి చలికాలం నేనే వేసుకెళ్ళాను. మేకు కూడా పీకకముందే గని మూసేశారు. స్టేషన్ వెనకాల స్టోరు గదిలో పెట్టాం."

"పిన్నీ, ఇరవై రెండేళ్ళయింది. ఈపాటికి ఆ పెట్టెల్లో కుందేళ్ళు కాపురం పెట్టుంటాయి," అన్నాడు రోదియోన్.

"కుందేళ్ళకి తలుపు తీయడమొస్తే పెట్టుంటాయి."

"పోనీ ఉన్నాయే అనుకో. దారేదీ? మూడు వంతెనలూ కొట్టుకుపోయాయి."

"వంతెనలు వేసవికిరా నాయనా. ఇప్పుడు ఏప్రిల్. నది మీదనుంచే పోతాం."

ఆర్కాది ల్వోవిచ్ మర్యాదస్తుడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. "నీనెల్ పావ్లోవ్నా, ఏమీ అనుకోకండి. మీ వయసెంత?"

"ఆ హెడ్ల కంటే ఎక్కువే. అవి పనికొస్తాయంటున్నారుగా?"

గదిలో అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, వెంటనే సంగతిలోకి వచ్చేశాడు. చక్రాలకి బదులు ఇనుప చైన్ల మీద పాకే బండి ఊళ్ళో నడిచేది ఒక్కటే ఉంది. అది గ్యారేజీది. రెండు లీవర్లతో తిప్పాలి, గంటకి పన్నెండు కిలోమీటర్లు పోతే గొప్ప. హెడ్లు గుర్తుపట్టడానికి నేను. నడపడానికి రోదియోన్. దారికి ఆమె.

"ఒక్క మాట పిన్నీ. దారి నువ్వు చూపించు. లీవర్లు మాత్రం నావి," అన్నాడు రోదియోన్.

"నీవే నాయనా, నీవే. ముసల్దాన్ని, నాకెందుకు?"

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటే నమ్మకూడదని రోదియోన్‌కి తెలియదు. నాకు కాస్త తెలుసు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. చలి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద, ఎండ కళ్ళు చీలుస్తోంది. ముగ్గురం ముందు వరసలోనే ఇరుక్కున్నాం. వెనక డీజిల్ పీపాలు, పారలు, గునపం, ఆమె తెచ్చిన మూట. నది మలుపు దగ్గర ఆమె బండి ఆపించింది. మూటలోంచి ఎండు జింకమాంసం తుంపి, రొట్టెముక్కతో కలిపి గాలివాటుకి విసిరింది. దారికి నైవేద్యం, వాళ్ళమ్మ చేసినట్టే. మళ్ళీ బండెక్కింది.

అరవయ్యో కిలోమీటరు దగ్గర ఆమె మేనమామ కొడుకు రుల్తిన్ మంద మేపుతున్నాడు. బండి చప్పుడు విని గుడారంలోంచి బయటికొచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఇంకా చావలేదుటే నువ్వు?" అన్నాడు.

"నీకు చెప్పకుండా చస్తానా?" అంది.

అదే వాళ్ళ పలకరింపు. టీ పోశాడు, ఉడికించిన జింక నాలుక కోసి పెట్టాడు. తిమ్‌కాలో నీళ్ళు పైకొచ్చాయని చెప్పాడు. అది మా దగ్గర మామూలే. నది అడుగుదాకా గడ్డకడుతుంది, కింద నీటికి దారి దొరక్క మంచు పగలగొట్టుకుని పైకెక్కుతుంది. దానిమీద కొత్త మంచు పడి, చూడ్డానికి చదునుగా తెల్లగా ఉంటుంది. దిగితే మోకాల్లోతు నీళ్ళు.

రోదియోన్ దగ్గర జేబులో పట్టే జీపీఎస్ యంత్రం ఉంది. పాత రోడ్డు గీతంతా అందులో ఎక్కించుకొచ్చాడు. అది నదిని సూటిగా దాటమంటోంది. నెల్యా పిన్ని గట్టు వెంట విల్లో పొదల్లోంచి మూడు కిలోమీటర్లు చుట్టి రమ్మంటోంది.

"పొదల్లో చైను తెగుతుంది పిన్నీ. చూడు, ఎంత చదునుగా ఉందో."

"చదునుగా ఉందనే వద్దంటున్నా."

అతను వినలేదు. ఇరవై మీటర్లు పోయామో లేదో బండి ముందు భాగం ఒక్కసారి కుంగింది. చైన్ల కింద బురద పిసికినట్టు చప్పుడైంది. ఆమె అరిచేలోపే అతను వెనక్కి లాగాడు. అంత మటుకు మెచ్చుకోవాలి, చెయ్యి చురుకైంది. బయటపడ్డాం గానీ తడిసిన చైన్లు రెండు నిమిషాల్లో గాజులా బిగుసుకుపోయాయి. గంటన్నర సేపు ముగ్గురం సుత్తులతో మంచు రాలగొట్టాం. ఆమె ఒక్కమాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే అతనికి తేలికయ్యేది. పని అయ్యాక చేతులు దులుపుకుని, "పొదల్లో తెగితే చైను అతకడానికి పిన్నులు తెచ్చాను, పద," అంది. చైను తెగలేదు.

ఆ పూట వేటగాళ్ళ గుడిసెలో పడుకుని, రెండో రోజు మధ్యాహ్నానికి కొండ కిందికి చేరాం.

అత్తగారి నాలుక గురించి నేను ఎన్నోసార్లు విన్నాను. చూశాక, విన్నది చాలా తక్కువనిపించింది. రోడ్డు వెడల్పు నాలుగు మీటర్లు. కొండ మీంచి జారిన మంచు దాన్ని నింపేసి, గోడకీ అగాధానికీ మధ్య ఏటవాలు చేసి పెట్టింది. బండి పక్కకి ఒరిగి నడుస్తోంది. నేను అగాధం వైపు కూర్చున్నాను. కిటికీలోంచి నాకు కనబడింది గాలి మాత్రమే.

మూడో మెలికలో కింది చైను జారింది. జానెడు దూరం, అంతే. రోదియోన్ బండి ఆపాడు. చేతులు లీవర్ల మీదే ఉన్నాయి. యంత్రం తెర మీద మా బండి చుక్క సరిగ్గా రోడ్డు గీత మీదే ఉంది. పది మీటర్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చని కూడా దానిమీదే రాసి ఉంది.

అతను ఆమె వైపు తిరిగాడు.

"పిన్నీ. నువ్వు రా."

అది చెప్పడానికి అతనికెంత కష్టమైందో నాకు తెలుసు. గ్యారేజీలో ఎవరినీ తన సీట్లో కూర్చోనివ్వని మనిషి. ఆమె, "సరే నాయనా, కాస్త టీ తాగు నువ్వు," అని అతని ఒళ్ళోంచి దాటినట్టుగా అటు జరిగింది. సీటు ముందుకి లాక్కుంది. కాళ్ళు అందలేదు. నా మూటలోని దుప్పటి మడిచి వీపు వెనక పెట్టుకుంది.

ఆమె నడపడం చూస్తే ఎవరికైనా మొదట విసుగొస్తుంది. బండిని తోయదు, తొందరపెట్టదు. కింది చైను జారబోయే ముందే పై లీవరు రెండు వేళ్ళతో లాగి, బండి ముక్కు కొండ వైపుకి తిప్పి, ఒక అర అడుగు ముందుకి పోనిచ్చి, మళ్ళీ వదిలేస్తుంది. ప్రతి మెలికలో దిగి, బూటు మడమతో మంచు తన్ని చూసి, ఎక్కుతుంది. ఒకచోట మేం దిగి గంటసేపు పారలతో మెట్టు కొట్టాం. అరవై ఒక్కేళ్ళ మనిషి మా ఇద్దరితో సమానంగా మంచు ఎత్తి పోసింది. తొమ్మిదో మెలిక దాటి పైకొచ్చేసరికి రోదియోన్ చేతిలోని టీ గడ్డకట్టింది. మూత కూడా తీయలేదు అతను.

పైన చదును. ఇక గండం గడిచిందనుకున్నాం. అక్కడే గాలి లేచింది. పావుగంటలో నేలా ఆకాశమూ ఒకటైపోయాయి. పాలలో మునిగినట్టు. బండి ముందున్న దీపాలు కూడా కనబడలేదు.

"యంత్రం చూపిస్తోంది పిన్నీ. పది మీటర్లు ఎడమకి జరిగితే రోడ్డు మీదకొస్తాం," అన్నాడు రోదియోన్.

ఆమె బండి ఆపి దిగింది. నేనూ దిగాను. మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగు తీసేసి, మంచును అరచేత్తో తడిమింది. చలికాలమంతా ఒకే వైపునుంచి వీచే గాలి మంచుని గట్లు గట్లుగా చెక్కుతుంది. రాయంత గట్టి గట్లు. చదునులో అంతటా ఒకే దిక్కుకి పడుకుని ఉంటాయి. ఆమె ఆ గట్లను అడ్డంగా దాటుతూ, ఆ కుదుపు ఎప్పుడూ కుడిభుజం నుంచి ఎడమ మోకాలికే తగిలేట్టు నడిపిస్తూ వచ్చిందని నాకప్పుడు తెలిసింది. ఇప్పుడు అవి ఆమె చేతి కింద వేరేగా ఉన్నాయి.

"ఇవి పొట్టిగా ఉన్నాయి చూడు. తిరిగిపోయాయి కూడా," అంది. గాలిలో అరిచి చెప్పాల్సొచ్చింది. "కిందినుంచి గాలి కొడుతోందిక్కడ. ఎడమ పక్కన అగాధం ఉంది."

రోదియోన్ యంత్రం ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇదిగో పిన్నీ, రోడ్డు ఇక్కడే!"

ఆమె బండిలోంచి ఖాళీ డీజిల్ డబ్బా తీసింది. నాలుగడుగులు ఎడమకి వేసి, బలంగా విసిరింది. డబ్బా తెల్లటి నేల మీద పడి, రెండుసార్లు దొర్లి, అక్కడే మాయమైపోయింది. చప్పుడు రాలేదు. చాలాసేపటికి ఎక్కడో కింద, చాలా కింద, టంగుమంది.

రోదియోన్ అలాగే మంచులో కూర్చుండిపోయాడు. యంత్రం చెప్పిన ఆ పది మీటర్లు ఎడమకి జరిగి ఉంటే మేం ఆ డబ్బా పక్కనే ఉండేవాళ్ళం.

"లే నాయనా, లే. రోడ్డు అక్కడే ఉండేది, నీ యంత్రం తప్పు కాదు. కొండ విరిగిపడి రోడ్డుని మింగేసింది. మ్యాపు కాగితాలవాళ్ళకి ఎవరు చెప్తారు?" అని అతని భుజం పట్టి లేపింది.

గట్లు మళ్ళీ పొడుగ్గా మారేదాకా వెనక్కొచ్చి, చుట్టు తిరిగి, మనిషి నడకంత వేగంతో లోయలోకి దిగాం. గాలి తగ్గాక, కొండనీడలో, దాల్నీ కనబడింది.

అయిదంతస్తుల మేడలు, కిటికీలన్నీ బోలుగా. సినిమాహాలు కప్పు కూలి ఉంది. గ్యారేజీ తలుపులు ఊడిపోయి, లోపల మంచు కొండలా పేరుకుంది. స్టేషన్ ముందు హాలు కూడా అంతే, ఇంజన్లు మంచులో పూడి ఉన్నాయి. రోదియోన్ నా వైపు చూసి, అప్పుడే తల తిప్పేసుకున్నాడు.

నెల్యా పిన్ని ఆగలేదు. హాలు పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఒక ఇనుప తలుపు. గొళ్ళెం మీద లావు తీగ, ఏడు మెలికలు తిప్పి ఉంది. తలుపు అంచు చుట్టూ ఉన్ని గుడ్డ కూరి, దానిమీద తారు పూసి ఉంది. గడప కింద రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఏదీ కదల్లేదు.

కటింగ్ ప్లయరుతో తీగ కోయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "కోయకు. మళ్ళీ కట్టాలి," అని తన చేత్తోనే ఒక్కొక్క మెలికా విప్పింది.

లోపల ఒక్క మంచు రేకు లేదు. పొడి గది. నాలుగు పెట్టెలు, ఒకదానిమీద ఒకటి. మేకులు పీకి, నూనె కాగితం విప్పాను. హెడ్డు మీద గ్రీజు పసుపుపచ్చగా, నిన్న పూసినట్టుంది. వేలితో తుడిస్తే కింద ఇనుము నిగనిగలాడింది. అరడజనుసార్లు తుడిచి చూశాను. ఏడ్చానని రోదియోన్ ఊళ్ళో చెప్పుకున్నాడు. చలికి కళ్ళలో నీళ్ళొచ్చాయని నేను చెప్పుకున్నాను.

"పిన్నీ," అన్నాడు రోదియోన్ నెమ్మదిగా. "ఊరంతా వదిలేసి పోతున్నారు కదా ఆ రోజు. జనం గిన్నెలు కూడా పొయ్యి మీదే వదిలేసి లారీలెక్కారట. ఇది ఎందుకు మూశావు?"

ఆమెకి ఆ ప్రశ్నే అర్థం కానట్టుంది.

"ఎందుకేంటిరా? బయటికి పోయేటప్పుడు తలుపు వేసి పోమూ? సెమ్యోన్ గుడ్డ కూరాడు, నేను తారు పూశాను. లారీలో జనం హారన్ కొడుతున్నారు, రా రా అని. కొట్టుకోనీ అన్నాను. ఎవరో ఎప్పుడో వస్తారు, వాళ్ళకి పనికిరావాలి కదా."

పెట్టెలు బండికెక్కించాక, ఆమె మమ్మల్ని ఊళ్ళో ఒక చుట్టు తిప్పింది. ఇల్లు చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని నేను భయపడ్డాను. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి గానీ అది వేరు. "ఇదిగో, ఇక్కడ గాజు తోటింట్లో టమాటాలు పండించాం. జనవరిలో, రా! బయట యాభై డిగ్రీల చలి. ఈ హాల్లో పిల్లలకి డాన్సు. ఇక్కడ మా గ్యారేజీ, అరవై బండ్లు, ఒక్కటి కూడా పొద్దున స్టార్టు కాలేదని అనిపించుకోలేదు." అదంతా ఇంకా నడుస్తున్నట్టే చెప్పింది. రోదియోన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆమె వెనకే నడిచాడు. ఆ చలిలో టోపీ తీసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ రాత్రి అక్కడే గడిపి, పొద్దున బయల్దేరేముందు ఆమె స్టోరు తలుపు మూసి, తీగ మళ్ళీ ఏడు మెలికలు తిప్పింది. ఇంకా అందులో పంపులున్నాయి, బేరింగులున్నాయి.

తిరుగుదారిలో మా జాడ మాకే తెలుసు కాబట్టి కొండ సులువుగా దిగాం. మెలికల మీద సగం ఆమె, సగం రోదియోన్ నడిపారు. ఆమె అతని మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించి, ఎప్పుడు లాగాలో అప్పుడు నొక్కేది. చివరి రెండు మెలికల్లో వేళ్ళు తీసేసింది.

నది మాత్రం మాకోసం ఆగలేదు. పైకొచ్చిన నీళ్ళు ఈ రెండు రోజుల్లో విల్లో పొదల్లోకి కూడా ఎక్కేశాయి. చుట్టుదారి పోయింది. బండిలో ఇప్పుడు పాతిక మణుగుల ఇనుముంది. ఆమె గట్టు మీద నిలబడి చాలాసేపు నది వైపు చూసింది. తర్వాత గునపం తీసుకుంది.

"రోద్యా, నువ్వు నడుపు. నేను ముందు నడుస్తాను."

"నువ్వా? వద్దు పిన్నీ, నువ్వు లీవర్లు తీసుకో, నేను నడుస్తా."

"మంచు మోగితే నీకు తెలుస్తుందా?"

అతను బండి మెట్టు మీద కాలు వేశాడు.

"నాకు తెలుస్తుంది. నా అడుగు పడ్డచోటే నీ చైను పడాలి. జానెడు అటూ కాదు, ఇటూ కాదు. అలా నడిపేవాడు మన ఊళ్ళో నువ్వొక్కడివే. అందుకే నీకు చెప్తున్నా. తలుపు తెరిచి ఉంచుకో. ఇగ్నాత్, నువ్వు నాతో, తాడు పట్టుకో."

ఏడువందల మీటర్లు. ఆమె ముందు, నడుముకి కట్టిన తాడు పట్టుకుని నేను వెనక, నా వెనక బండి. గునపంతో కొట్టేది, చెవి ఒగ్గి వినేది, అడుగు వేసేది. గట్టి మంచు గంటలా మోగితే ముందుకి. కుండలా మోగితే పక్కకి. పాదాల మీదుగా నీళ్ళు పారుతూనే ఉన్నాయి, ఆమె కుట్టుకున్న సీల్ తోలు బూట్లు తడిసి మెరుస్తున్నాయి. మధ్యలో ఒకచోట పది అడుగులు వెనక్కొచ్చాం, ఒకచోట నది మీదే సగం చుట్టు తిరిగాం. వెనక్కి చూస్తే మా అడుగుజాడల మీదే చైన్ల గుర్తు. వెంట్రుకవాసి తప్పు లేదు. రోదియోన్ ఆ ఏడువందల మీటర్లూ కూర్చోలేదు, నిలబడి, తల బయట పెట్టి నడిపాడు.

ఆవలి గట్టెక్కాక ఆమె మంచు మీద వెల్లకిలా పడుకుని నవ్వింది. "చూశావురా ఇగ్నాత్? గీత గీసినట్టు నడిపాడు వెధవ!" ఆ మాట విని రోదియోన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

నాలుగో రోజు సాయంత్రం ఎండ ఉండగానే ఊళ్ళోకి వచ్చాం. ఎవరు చూశారో, బడి పిల్లలతో సహా జనం రోడ్డు మీదకొచ్చేశారు. నేను ఇంటికి పోలేదు. రెండు రోజులు స్టేషన్లోనే ఉండి హెడ్లు బిగించాను. మూడో ఇంజన్ దగ్గు అప్పటికి బాగా ముదిరింది. రెండోదాన్ని తిప్పే సమయానికి ఆర్కాది ల్వోవిచ్ నెల్యా పిన్నిని పిలిపించి, స్టార్టు మీట ఆమె చేతికిచ్చాడు. ఇంజన్ ఒకసారి తుమ్మింది, రెండోసారి పట్టుకుంది. ఆమె తల వంచి, నది మీద విన్నట్టే, నిమిషం పాటు విన్నది. "బాగుంది. నాలుగో సిలిండరు కొంచెం గట్టిగా కొడుతోంది, వాల్వు చూసుకో," అంది నాతో. చూశాను. నిజమే.

జిల్లా నుంచి అభినందన పత్రం పంపుతామన్నారు. అందుకోసం గ్యారేజీని నివేదిక అడిగారు. ఆమె లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి, ఆఫీసు గుమాస్తా ఆమె పేరు ఎదురుగా "దారి చూపినవారు" అని టైపు చేశాడు. గ్యారేజీ పెద్దగా రోదియోన్ సంతకం పెట్టాలి. అతను ఆ మాట కొట్టేసి, పైన "నడిపినవారు" అని చేత్తో రాసి, కింద సంతకం పెట్టాడు. తన పేరు ఎదురుగా "సహాయకుడు" అని రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అడిగితే తాను చూసుకుంటానన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ పత్రం ఇప్పుడు వాళ్ళ గ్యారేజీలో గోడకుంది. ఆమె తన ఇంట్లో పెట్టుకోనంది, చేపల వాసన పడుతుందట.

మరుసటి ఏప్రిల్లో మిగతా పంపులూ బేరింగుల కోసం మళ్ళీ వెళ్ళాం, మేం ముగ్గురమే. రోదియోన్ నడుపుతున్నాడు. నాలుగో మెలిక దగ్గర ఆమె ఏమంటుందోనని అటు చూశాను. కాళ్ళు ముడుచుకుని, తల నా భుజానికి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. తొమ్మిదో మెలిక దాటి పైకొచ్చేదాకా లేవలేదు.

రోదియోన్ ఆ మాట ఇప్పటికీ గ్యారేజీకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్తాడు. బండి ఎన్ని టన్నులు లాగుతుందో, తనకెన్నేళ్ళ అనుభవముందో చెప్పడు. "నేను నడుపుతుంటే అత్తగారి నాలుక మీద నెల్యా పిన్ని నిద్రపోయింది, తెలుసా?" అంటాడు.